కొమ్మలకూ, వంటచెరకుకూ చిన్న బ్యాటరీ రంపం



మామిడి కోతలు ముగిసినవి. గంపలు, నిచ్చెనలు, చిక్కాలు సర్దుకున్నాము. తొలకరి చినుకులు పడ్డవి. ఇక తోటలో మిగిలిన పెద్దపని కొమ్మలు తీయటం. ఎండుకొమ్మ, తెగులు పట్టిన కొమ్మ, ఒకదాని నొకటి రాచుకొనే కొమ్మ తీసివేసి గుబురులోకి ఎండా గాలీ పోనివ్వాలి. కోత అయిన నెలా నెలన్నరలో ఈ పని ముగిస్తేనే కొత్త చిగురు వేళకు వచ్చి, ముదిరి, వచ్చే పూతకు సిద్ధపడుతుంది. ఇది మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. నేటి నా ప్రసంగం ఆ పనికి వాడే ఒక పనిముట్టును గురించి.

ఏ పట్నంలో ఇనుపసామాన్ల కొట్టుకు వెళ్లినా, సెల్‌ఫోనులో చూచి ఇంటికి తెప్పించుకున్నా, ఈనాడు రెండు మూడు వేల రూపాయలకు బ్యాటరీతో నడిచే చిన్న గొలుసు రంపం దొరుకుతున్నది. మూరెడు పొడుగు కూడా వుండదు. కరెంటు తీగ అక్కరలేదు, పెట్రోలు అక్కరలేదు, తాడు లాగి స్టార్టు చేసే అవస్థ లేదు. మీట నొక్కితే గొలుసు తిరుగుతుంది. మా నూజివీడు వైపు తోటల్లో ఇది చాలామంది చేతుల్లో కనిపిస్తున్నది. దీన్ని కొనవచ్చునా, కొంటే ఏ పని చేయించుకోవచ్చు, ఏ పనికి దూరంగా వుంచాలి అనే సంగతులు మనవి చేస్తాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

రెండేళ్ల క్రితం మా అల్లుడు హైదరాబాదు నుంచి ఇటువంటి రంపం ఒకటి తెచ్చి ఇచ్చాడు. మా తోటలో చాలా ఏళ్లుగా కాపలా, పని చూచుకొనే అతని చేతికి దాన్ని ఇచ్చాను. అతను అటూ ఇటూ తిప్పి చూచి, "ఇదేం రంపమండీ బాబుగారూ, పిల్లలాడుకునే బొమ్మలాగుంది" అన్నాడు. నేనూ నవ్వాను. వెంట వచ్చిన కాగితం చదివి చెప్పాలనే ఆలోచన రాలేదు. అతను కుడిచేత రంపం పట్టుకొని, ఎడమచేత్తో కొమ్మ కొస వంచి పట్టి కోస్తున్నాడు. కొడవలితో కోసేటప్పుడు మనమంతా అట్లాగే పడతాము గదా. మూడో కొమ్మో నాలుగో కొమ్మో సగం తెగేసరికి చటుక్కున విరిగింది. రంపం ముందుకు ఎగిరి ఎడమ బొటనవేలి మొదట్లో పడ్డది. ఎనిమిది కుట్లు పడ్డవి. ఎముక తెగలేదుగాని, వేలిని మడిచే నరం దెబ్బతిన్నది. ఈనాటికీ ఆ వేలు పూర్తిగా మడత పడదు. వాళ్లింట రెండు పాడిగేదెలు వున్నవి. పాలు పితకటం ఇప్పుడు పూర్తిగా ఆయన భార్యమీద పడ్డది. రంపం నాది, చెయ్యి అతనిది. వైద్యం ఖర్చు నేనే పెట్టుకున్నాను, పనిలేని రోజుల కూలీ ఇచ్చాను. వేలు మాత్రం తెచ్చి ఇవ్వలేకపోయాను.

ఇది చెప్పి మిమ్మల్ని భయపెట్టటం నా ఉద్దేశం కాదు. ఆ రంపం ఇప్పటికీ మా ఇంట్లో వున్నది, పని చేస్తున్నది. పద్ధతి మార్చుకున్నాము, అంతే.

ఈ గొలుసు ఎట్లా కోస్తుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతవి. మామిడి మానును తొలిచే పురుగు మీకు తెలుసు. తెల్లగా, బలిసి, మొద్దులో సొరంగాలు చేసుకుపోతుంది. మనకది శత్రువు. ఈ రంపానికి మాత్రం అటువంటి పురుగే గురువు. 1946లో అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే మొద్దులు కోసే ఆయన ఒక మోడులో కట్టె తొలిచే పురుగు పిల్లను గమనించాడు. అది కట్టెను నిలువుగానూ, అడ్డంగానూ అవలీలగా తినుకుంటూ పోతున్నది. దాని దవడలు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కదులుతున్నవి. ఆ తీరునే ఉక్కులోకి తెచ్చి 1947లో కొత్తరకం గొలుసు చేశాడు. అంతకుముందు గొలుసులకు చేతిరంపం పళ్లవంటివే వుండి కట్టెను గీరేవి. కాక్స్ గొలుసులో ఒక పన్ను ఎడమపక్క, ఒక పన్ను కుడిపక్క, వడ్రంగి ఉలిలాగా చెక్కుకుంటూ పోతవి. నేటి గొలుసులు దాదాపు అన్నీ ఆ మాదిరివే. మీ చేతిలోని చిన్నదీ అంతే. అంటే సెకనుకు వందల ఉలులు వరుసగా పరుగెత్తుతున్నవన్నమాట. బొమ్మ అనుకోవటం ఎంత పొరపాటో చూడండి.

ఇక బలం సంగతి. పెట్టెమీద 21 వోల్టులని, 48 అని, 88 అని కూడా వేసి అమ్ముతున్నారు. ఆ అంకె చూచి కొనవద్దు. బ్యాటరీ డబ్బాలోపల వుండేవి మన బొటనవేలంత లావు లిథియం కణాలు. ఒక్కొక్కటి నిండా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు, పనిలో సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. ఐదు కణాలను వరుసగా కలిపితే నిండుగా 21, సగటున 18 వోల్టులు. చౌక రంపాలు చాలావాటిలో పైన ఏ అంకె రాసినా లోపల వుండేవి ఈ ఐదే. ఇంకొక అంకె ఆంపియర్ అవర్లు. అది 2 అనుకుందాము. 18ని 2తో హెచ్చవేస్తే 36 వాట్ అవర్లు. డబ్బాలోని శక్తి మొత్తం అదే.

అది ఎంత? మన బోరు మోటారుతో పోల్చి చూద్దాము. ఒక హార్స్‌పవరు అంటే 746 వాట్లు. 5 హార్స్‌పవరు మోటారును ఈ డబ్బా అరనిమిషానికి కాస్త పైన మాత్రమే తిప్పగలదు. రంపం మోటారు దాంట్లో పదోవంతు శక్తి తీసుకుంటుందనుకున్నా, గట్టికోత ఆరు నిమిషాల లోపే. ఆరు నిమిషాలేనా అని నిరాశపడవద్దు. మణికట్టు లావు పచ్చికొమ్మ తెగటానికి ఐదారు సెకన్లు చాలు. ఆ లెక్కన ఒక చార్జికి యాభై కోతలు. కొమ్మకూ కొమ్మకూ మధ్య మనం నడిచే వేళ, ఈడ్చి పక్కన వేసే వేళ బ్యాటరీ ఖర్చు కాదు. రెండు బ్యాటరీలుంటే, ఒకటి పనిలోనూ ఒకటి చార్జిలోనూ పెట్టుకొని, ఒక మనిషి పూటంతా చిన్నకొమ్మలు తీయవచ్చు. అదే డబ్బాతో తొడలావు తుమ్మమొద్దు కోయబోతే ఒకటి రెండు కోతలకే ఉసూరుమంటుంది. మోటారు కమురు వాసన వేస్తుంది. ఆ వాసన వచ్చిందంటే లోపల తీగచుట్టలు కాలటం మొదలయిందని తెలుసుకోండి.

కాబట్టి కొలత పెట్టుకోవాలి. నాలుగంగుళాల బద్ద వున్న రంపానికి మణికట్టు లావు కొమ్మ. ఆరంగుళాల బద్దకు మోచేతి దిగువ లావు, అంటే నాలుగంగుళాల లోపు. బద్ద ఆరంగుళాలున్నది గదా, ఆరంగుళాల మొద్దు తెగుతుంది గదా అనుకోరాదు. మొద్దు బద్దతో సమానమయితే బద్ద కొన కట్టెలోనే మునిగి వుంటుంది, బిగుసుకుంటుంది. ఎండి రాయయిన నల్లతుమ్మ, చండ్ర, చింత మొద్దులకు ఈ కొలతలో సగమే పట్టుకోండి. వాటికి గొడ్డలి వున్నది, ఇద్దరు లాగే రంపం వున్నది, వూళ్లో పెట్రోలు రంపం అద్దెకు తెచ్చి కోసే మనిషి వున్నాడు. ఒక ఎకరం రెండెకరాల తోట వున్న రైతుకు ఈ చిన్నరంపం మేలే. పదెకరాలవాడికి ఇది సాయానికేగాని, ఆధారానికి కాదు. కట్టెల వ్యాపారానికి బొత్తిగా పనికిరాదు. ఇది నా అభిప్రాయం.

కొనేటప్పుడు కొట్టులోనే చేతపట్టి చూడండి. మీట ఒక్కటే నొక్కితే గొలుసు తిరగరాదు, పక్కనున్న లాకు బొత్తాముకూడా నొక్కితేనే తిరగాలి. వేలు తీయగానే గొలుసు వెంటనే నిలవాలి. బద్దపైన చేతికి అడ్డంగా కాపుదలరేకు వుండాలి. రెండోచెయ్యి పట్టటానికి పిడి వున్న రకం దొరికితే నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి. విడిగొలుసు ఆ కొట్టులో దొరుకుతుందా అని అడగండి. గొలుసులు పొడుగునుబట్టి కాదు, బద్ద గాడిలో నడిచే కింది లింకులను లెక్కపెట్టి కొనాలి. ఒక్క లింకు తేడా వచ్చినా పట్టదు. బిల్లు అడిగి పుచ్చుకోండి.

రంపానికి పెట్టిన సొమ్ముకు తోడు మరికొంత పెట్టి కళ్లద్దాలు, గట్టి బూట్లు, విడిగొలుసు, గుండ్రని ఆకురాయి, గొలుసుకు వేసే నూనె ఒకే రోజున కొనండి. "రంపం మాత్రం తీసుకుపోతాను, మిగతావి తరువాత చూద్దాం" అన్నవారెవరూ తరువాత చూచినట్లు నేను ఎరుగను. తోలు చేతిజోళ్లు మంచివే, ముళ్లు గుచ్చుకోవు, పట్టు జారదు. అవి తిరిగే గొలుసును ఆపుతవని మాత్రం నమ్మవద్దు.

గొలుసు బిగించేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు, ఆకురాయి పట్టేటప్పుడు బ్యాటరీ వూడదీసి పక్కన పెట్టాలి. ఇది మొదటి నియమం. బద్ద పైభాగాన పళ్ల పదును కొనవైపు చూస్తూ వుండాలి. తిరగేసి ఎక్కిస్తే రంపం కోయదు, కట్టెను మాడుస్తుంది. మా ఇంట్లోనే ఒకసారి అట్లా ఎక్కించి, రంపం పాడయిందని కొట్టువాడితో తగువుకు పోబోయాము. బిగువు ఎంత వుండాలంటే, గొలుసు బద్దకింద వేలాడకుండా అంటుకొని వుండాలి, చేతితో లాగితే సులువుగా జరగాలి. కొత్తగొలుసు మొదటి పూటలో సాగుతుంది, నాలుగైదు సార్లు చూచుకొని బిగించాలి. వదులు గొలుసు గాడి తప్పి చేతిమీదకు వస్తుంది.

నూనె విషయంలో చౌకరంపాలు పీనాసివి. పెద్దరంపాలకు నూనె దానంతటదే కారుతుంది. వీటిలో కొన్నిటికి ఒత్తే బుడ్డి వుంటుంది, కొన్నిటికి అదీ లేదు. మనమే నాలుగైదు కోతలకొకసారి నాలుగు చుక్కలు గొలుసుమీద వేయాలి. నూనె లేని గొలుసు వేడెక్కి, సాగి, బద్దను అరగదీస్తుంది. ట్రాక్టరులోనుంచి తీసిన నల్లని పాతఆయిలు మాత్రం వేయవద్దు. దానిలో ఇనుపరజను వుంటుంది, మన చేతికీ చెట్టుగాయానికీ మంచిది కాదు. గొలుసునూనె దొరకకపోతే కొత్త ఇంజనాయిలు కొద్దిగా వాడవచ్చు.

పదును తగ్గిందని ఎట్లా తెలుసుకోవాలి? పొట్టు చూడండి. పదును వున్నప్పుడు చిన్నచిన్న పలుకులుగా పడుతుంది. మొద్దుబారితే మెత్తని పిండి పడుతుంది, కోత వంకర పోతుంది, మనం రంపాన్ని నొక్కటం మొదలుపెడతాము. నొక్కవలసి వచ్చిందంటే ఆపవలసిన వేళ అయిందన్నమాట. ప్రతి పన్నుకూ ఆకురాయిని లోపలినుంచి బయటికి, ఒకే వాలులో, రెండు మూడు సార్లు తోయాలి. అన్నిటికీ లెక్క సమానంగా వుండాలి. ఎడమపళ్లు ఎక్కువ అరగదీస్తే రంపం ఒకవైపుకు లాగుతుంది. ఎంత మంచి పదునైనా మట్టి తగిలితే ఒక్క క్షణంలో పోతుంది. నేలమీద పడివున్న కొమ్మను నేలమీదే కోసేవారు రోజుకు రెండుసార్లు ఆకురాయి పట్టక తప్పదు. పాతచెట్లకు మేకులు, కంచెతీగలు దిగి వుంటవి. కోసేముందు చేత్తో తడిమి చూడండి.

ఇక కోసే తీరు. దీన్ని కాస్త నిదానంగా వినండి.

రెండు చేతులూ రంపంమీదే వుండాలి. రెండో పిడి లేని రకమైతే రెండోచెయ్యి మొదటి చేతిపైన వుండాలి. కొమ్మను పట్టుకోవలసిన అవసరం వస్తే రంపాన్ని ఆపి, తాడుతో కట్టండి, లేక కొక్కెపుకర్రతో మరొకరు దూరాన నిలబడి పట్టాలి. కోస్తున్న కొమ్మమీద ఎవరి చెయ్యీ వుండరాదు. మా అతని వేలికి కారణం ఈ ఒక్కటే.

రెండోది, బద్ద కొన. గొలుసు బద్దపైన కొనవైపుకు పరుగెత్తి, అక్కడ తిరిగి, కిందనుంచి వెనక్కు వస్తుంది. కొనలో పైసగం దేనికైనా తగిలితే పళ్లు కట్టెను కొరికి ఆగుతవి. ఆగిన గొలుసు బలమంతా రంపాన్ని పైకీ వెనక్కీ, మన మొహంవైపుకు తన్నుతుంది. రెప్ప వేసేలోపు జరిగిపోతుంది. ఎద్దు తన్నేముందు చెవులు కదుపుతుంది, ఇది అదీ చెయ్యదు. పెద్దరంపాలకు తన్నగానే గొలుసును ఆపే బ్రేకు వుంటుంది, చౌకరంపాల్లో చాలావాటికి లేదు. అందుచేత కొనతో పొడవరాదు. కోసే కొమ్మవెనక మరో కొమ్మ వున్నదేమో చూచుకోవాలి. మామిడి గుబురులో ఎప్పుడూ వుంటుంది. బద్ద మొదలు, అంటే మోటారు దగ్గరిభాగం, కట్టెకు ఆనించి కోస్తే రంపం నిలకడగా వుంటుంది. మొహం బద్దకు సూటిగా కాక పక్కకు వుండాలి.

మూడోది, ఎత్తు. భుజం ఎత్తు దాటిన కొమ్మ ఈ రంపానిది కాదు. నిచ్చెన ఎక్కి దీన్ని నడపవద్దు. ఒకచెయ్యి చెట్టును పట్టుకుంటుంది, ఒకచెయ్యే రంపంమీద మిగులుతుంది, కాలికింద నిచ్చెన కదులుతుంది. పైకొమ్మలకు పొడుగుకర్రకు బిగించిన వంపురంపం వున్నది, నేలమీద నిలబడి లాగవచ్చు.

కాస్త లావుకొమ్మను ఒక్క కోతలో తీయబోతే, సగం తెగేసరికి బరువుకు చీలి, కాండంనుంచి బారెడు బెరడు వూడదీసుకొని పడుతుంది. ఆ గాయం చెట్టుకు ఏళ్లు పడుతుంది. అందుకని మూడు కోతలు పెట్టాలి. కాండానికి అడుగు దూరాన కిందినుంచి మూడోవంతు కోయాలి. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ బెరడు చీల్చకుండా తెగి పడుతుంది. మిగిలిన మోడును మూడోకోతతో తీయాలి. కొమ్మ మొదట్లో ఉంగరంలాగా కాస్త ఉబ్బు వుంటుంది. చెట్టు గాయాన్ని మాన్పుకొనే బలమంతా ఆ ఉబ్బులోనే వున్నది. దాన్ని చెక్కివేయకుండా, దానికి బయటనే కోయాలి. చాలామంది నునుపుగా వుండాలని కాండానికి సమంగా చెక్కుతారు. మంగలి గడ్డం గీసినట్లు చక్కగానే వుంటుంది, చెట్టులోపల పుచ్చు మొదలవుతుంది. జానెడు మోడు వదలటమూ తప్పే. అది ఎండి, పుచ్చి, పురుగుకు దారి ఇస్తుంది. కోసినచోట బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు దీని పాళ్లు. ఇనుపపాత్రలో కలపకూడదని మీరు ఎరుగుదురు.

గాలివానకు పడిన చెట్లు వేరే కథ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటలమీదుగా పోయినప్పుడు, జీడిమామిడి, కొబ్బరి, పనస నేలకొరిగి దారులు మూసుకుపోయినవి. అటువంటి వేళ ఈ చిన్నరంపం ప్రతి ఇంట్లో వుంటే ఎంతో సాయం. ప్రమాదాలు ఎక్కువగా జరిగేదీ అప్పుడే. పడిన చెట్టుకు కరెంటుతీగ తగిలివుంటే దగ్గరకు పోనేవద్దు. 1912కు ఫోను చేసి, లైనుమాను వచ్చి సరే అన్నాకనే చెయ్యి వేయాలి. వేళ్లతోసహా ఒరిగిన చెట్టును మధ్యకు కోస్తే బరువు తగ్గి, మోడు వేళ్లగడ్డతోసహా తిరిగి నిలబడవచ్చు. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటున్నారేమో చూడండి. మాను జోలికి మనం పోవద్దు, కొమ్మలు మాత్రమే మన పని.

కొమ్మలు మొదలునుంచి కొసవైపుకు తీసుకుపోవాలి. మాను మనకూ కొమ్మకూ మధ్య వుండేటట్లు అవతలిపక్క కొమ్మలు ముందు తీయాలి. కిందికొమ్మలు మానును కుర్చీకాళ్లలాగా మోస్తుంటవి. అవి చివరిదాకా వుండాలి. తొందరపడి తీస్తే మాను దొర్లి కాళ్లమీదకు వస్తుంది. వంగివున్న కొమ్మలో బలం దాగివుంటుంది, వంచిన వెదురులాగా. దాని లోవంపు నొక్కుకొని వుంటుంది, పైవంపు సాగి వుంటుంది. ముందుగా లోవంపున కొద్దిగా కోసి, తరువాత పైవంపున కోయాలి. రెండుకొసలూ ఆనివున్న కొమ్మ నడుమ కుంగుతుంది గనుక పైనుంచి మూడోవంతు, మిగతాది కిందినుంచి. ఒక్కకొస ఆని రెండోకొస గాలిలో వుంటే కిందినుంచి మూడోవంతు, మిగతాది పైనుంచి. ఈ వరస తప్పితే బద్ద కట్టెలో బిగుస్తుంది. బిగిస్తే మీట నొక్కుతూ పెనుగులాడకండి. బ్యాటరీ తీసి, కోతలో చెక్కచీల కొట్టి విడిపించండి. కొబ్బరిమాను దీనితో కోయవద్దు. పీచు గొలుసులో చుట్టుకుంటుంది, పైచెక్క పళ్లను తినేస్తుంది.

ఇప్పుడు వంటచెరకు. గ్యాసు వచ్చినా మన ఇళ్లలో నీళ్లు కాచటానికి, ఉలవలు ఉడికించటానికి, పెళ్లి వంటలకు కట్టె పోలేదు. తోటలో తీసిన కొమ్మలను చేనుగట్టునే తగలబెట్టేవారున్నారు, అది డబ్బు తగలబెట్టటమే. కట్టె కోయటానికి రెండు కర్రలను కత్తెరగా కట్టి నేలలో పాతండి, మూరెడు దూరాన మరొక జత పాతండి. కొమ్మను ఆ కత్తెరలలో పడుకోబెట్టి, బయటికి పొడుచుకువచ్చిన కొసను కోయండి. తెగినముక్క తనంతట కింద పడుతుంది, బద్ద బిగియదు, మట్టి తగలదు, నడుము వంచనక్కరలేదు. ముక్క పొడుగు మీ పొయ్యినిబట్టి వుండాలి. అడుగు ముక్కలు మేలు. కట్టెలో నీరు ఎక్కువగా కోసినముఖంనుంచి పోతుంది గనుక పొట్టిముక్క త్వరగా ఎండుతుంది. చీల్చినది ఇంకా త్వరగా ఎండుతుంది. పచ్చికట్టె బరువులో మూడోవంతు నుంచి సగందాకా నీరే. దాన్ని పొయ్యిలో పెడితే ముందు ఆ నీరు కాగాలి, తరువాత మన అన్నం ఉడకాలి. పొగంతా వంట చేసే తల్లి కళ్లలోకి, రొమ్ములోకి పోతుంది. కోసిన పేళ్లను నేలకు ఎడంగా రెండు మోళ్లమీద, గాలి ఆడేటట్లు పేర్చి, పైన మాత్రం రేకు కప్పండి. పక్కలు మూయవద్దు. ఇప్పుడు కోసిన మామిడిపేళ్లు సంక్రాంతికి ఎండుగా మండుతవి. గన్నేరు కట్టె మాత్రం పొయ్యిలో పెట్టవద్దు, దాని పొగకూడా విషమే. పాతకుప్ప కదిపేముందు కర్రతో తట్టండి. తేళ్లూ పాములూ మనకంటే ముందే కాపురం పెట్టి వుంటవి.

బట్టలమాట. పంచె ఎగగట్టుకొని, భుజాన తువ్వాలు వేసుకొని రంపం పట్టవద్దు. గొలుసు గుడ్డను లాక్కుంటే గుడ్డతోపాటు మనిషినీ లాక్కుంటుంది. తువ్వాలు తీసి కొమ్మకు తగిలించండి. ఆడవాళ్లు కొంగు బిగించి దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. రంపం నడిచేచోటికి పది అడుగులలోపు పిల్లలు, మేకలు రాకూడదు. కొమ్మలు కొడుతుంటే ఆకులకోసం మేకలు వస్తవి, వాటివెంట పిల్లలు వస్తారు.

ఇంత చేసినా తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి గుండెకంటే ఎత్తున పట్టి, 108కి ఫోను చేయండి. కాఫీపొడి, పసుపు, సున్నం కూరవద్దు. వేలే తెగిపడితే దాన్ని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని మంచుముక్కలమీద పెట్టి మనిషితోపాటే ఆసుపత్రికి పంపండి. మంచు నేరుగా వేలికి తగలరాదు.

బ్యాటరీకి ఎండ పడదు. ట్రాక్టరు సీటుమీద, రేకులషెడ్డులో వదలవద్దు. పని ముగియగానే వేడిగా వున్నదాన్ని చార్జికి పెట్టకుండా అరగంట చల్లారనివ్వండి. రాత్రి చార్జికి పెట్టి నిద్రపోవద్దు. చాపమీద, గడ్డిపక్కన, పూరింట్లో కాక, బండమీద, మనిషి కంటి ఎదుట చార్జి చేయాలి. డబ్బా ఉబ్బినా, కిందపడి పగిలినా దానితో రుణం తీరిపోయినట్లే. నాలుగైదు నెలలు వాడకపోతే సగం చార్జితో వుంచండి, పూర్తిగా ఖాళీగా వుంచితే మళ్లీ లేవకపోవచ్చు.

మరొకమాట. కొమ్మ తీయటం వేరు, చెట్టు కొట్టటం వేరు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం మన సొంతభూమిలో చెట్టు కొట్టటానికైనా అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు వున్నది. గొడ్డలికి పూట పట్టే పని రంపానికి నిమిషాల్లో అవుతుంది గనుక, తెగాక విచారించి లాభంలేదు. ముందే అటవీశాఖవారి దగ్గర కనుక్కోండి.

చివరగా విస్తరణ కార్యకర్తలకు. ఈ రంపాన్ని రైతులకు చూపేటప్పుడు కొమ్మ కోసి చూపి వూరుకోవద్దు. పాత తోలుజోడు ఒకదానిలో తడిగడ్డి కుక్కి, కొమ్మకు ఎడమచేయి పట్టేచోట కట్టి, అందరినీ దూరంగా నిలబెట్టి, దానిమీద రంపం కొనను ఒక్కక్షణం తగిలించండి. ఏమీ చెప్పనక్కరలేదు. తరువాత కోసే మనిషిని పిలిచి, కళ్లద్దాలు పెట్టి, రెండుచేతులూ రంపంమీద పెట్టించి, అతనిచేతనే మూడుకోతలు కోయించండి. తోట ఆసామికి కాక, రేపు తోటలో రంపం పట్టబోయే కూలీమనిషికి ముందు నేర్పండి. కళ్లద్దాలు, బూట్లు కొనవలసింది ఆసామి అని ఆ నలుగురి ఎదుటే చెప్పండి.

మా తోటలో ఈ వారం కొమ్మల పని మొదలుపెట్టాము. కొత్తగా వచ్చిన కుర్రవాడికి రంపం నేర్పుతున్నది ఆ బొటనవేలు మడవని అతనే. పక్కన నిలబడి ప్రతి కోతకూ ముందు, "రెండో చెయ్యేదిరా అబ్బాయ్?" అని అడుగుతున్నాడు. కుర్రవాడు విసుక్కుంటున్నాడు, చెయ్యి మాత్రం పిడిమీదే పెడుతున్నాడు.